జాన్ వెస్లీ నియమజీవనము

బ్రాహ్మీముహూర్తమున మేల్కాంచుట, ఏకాదశినాడు ఉపవసించుట, మితముగా మాటలాడుట మున్నగు నియమములు మన దేశమున క్రొత్తవి కావు. ఏ మతమున పుట్టినవారైనను నియమమను మాట విన్నంతనే ముందుగా తలచునది దేహమును అదుపున నుంచుకొనుటయే. క్రైస్తవ మతచరిత్రలోను, ఈజిప్టు ఎడారి గుహలలో నివసించిన తాపసులు మొదలుకొని, ఆరవ శతాబ్దమున ఇటలీలో బెనెడిక్టు ఏర్పరచిన మఠనియమావళి వరకు అట్టి సాధన కానవచ్చును. అయితే వారందరు సంసారమును విడిచినవారు. సంతలో కొనుచు, అమ్ముచు, కూలి చేయుచు, బిడ్డలను పెంచుచునుండు గృహస్థులకు ఇట్టి నియమము సాధ్యమా? సాధ్యమైనచో దాని ఫలమేమి? ఈ ప్రశ్నలను ఒక నిండు జీవితకాలము పరీక్షించి చూచినవాడు పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్లేయుడు జాన్ వెస్లీ. మెథడిస్టు సంఘములకు మూలపురుషుడుగా ఆయన పేరు మనలో చాలమంది విన్నదే. కాని మెదకు మహాదేవాలయమును చూడబోవు యాత్రికులలో, ఆ కట్టడమునకును ఆయనకును గల సంబంధము నెరిగినవారు కొందరే యుందురు. ఆ సంగతికి తరువాత వత్తము.

వెస్లీ 1703 జూన్ 17న లింకన్ షైరులోని ఎప్వర్తు గ్రామమున జన్మించెను. తండ్రి సామ్యూలు ఆ యూరి చర్చికి గురువు. విద్వాంసుడు, కవి, కాని లెక్క తెలియని మనిషి. 1705లో అప్పు తీర్చలేక లింకన్ కోటలోని చెరసాల పాలయ్యెను. తల్లి సుసన్నా పందొమ్మిది మంది బిడ్డలను కని, వారిలో దాదాపు సగము మందిని పసితనముననే పోగొట్టుకొన్న ఇల్లాలు. ఆమె పెంపకమున బిడ్డకు ఏడాది నిండగానే పెద్దగా ఏడ్వరాదని నేర్పవలెను. భోజనవేళల నడుమ తినుబండారము ముట్టరాదు. అయిదేండ్లు నిండిన మరునాడు అక్షరాభ్యాసము, ఆ ఒక్క దినముననే అక్షరములన్నియు వచ్చితీరవలెను. ఈనాటి తల్లులు ఇది విన్నచో ముక్కున వేలు వేసికొందురు. కాని ఆమె మరియొక పనికూడ చేసెను. వారమున ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డకు కేటాయించి, ఆ బిడ్డ నొంటరిగా కూర్చుండబెట్టుకొని, వాని మనస్సులోని మాటలు వినెడిది. జానుకు దొరకినది గురువారము. ముప్పదియేండ్లకు దగ్గర పడిన పిదప, కళాశాలలో అధ్యాపకుడై యుండియు, ఆ గురువారపు సాయంకాలములో కొంచెము భాగమును తనకొరకు మరల ఉంచుమని అతడు తల్లికి జాబు వ్రాసెను. ఆమె విధించిన కట్టుబాట్లకంటె ఆ గంటయే అతని శీలమును ఎక్కువగా తీర్చినదని మా అభిప్రాయము.

1720లో అతడు ఆక్స్‌ఫర్డు చేరెను. 1725లో డీకనుగా అభిషిక్తుడయ్యెను. ఆ మరుసటి యేట లింకను కళాశాలలో ఫెలో పదవి లభించెను. జెరెమీ టేలరు గ్రంథమును, థామస్ ఎ కెంపిసు గ్రంథమును చదివి, తన కాలమున ఒక్క గడియయు వ్యర్థము కారాదని నిశ్చయించుకొని, దినచర్య వ్రాయ నారంభించెను. అది సాధారణమైన దినచర్య కాదు. సంకేతాక్షరములు, పొట్టిలిపి, రహస్యలిపి కలగలిపి వ్రాసికొన్న ఆత్మపరీక్షా గ్రంథము. ఇరువదవ శతాబ్దారంభమున నెహెమ్యా కర్నాకు అను పండితుడు ఆ లిపిని విప్పి చదువువరకు అందలి రహస్యములు లోకమునకు పూర్తిగా తెలియలేదు. కొన్నియేండ్ల పిదప ఆ పుస్తకము గంట గంటకు ఒక పద్దుగా మారెను. ఆ గంటలో ఏమి చేసితిని, ఎవరితో మాటలాడితిని, మనస్సు దైవమునందు ఎంత నిలిచినది అని వ్రాసి, ఆ నిలుకడకు ఒకటి మొదలు తొమ్మిది వరకు అంకె వేసికొనెడివాడు. మన వర్తకులు చిట్టా వ్రాసి ఆవర్జాకు ఎక్కించినట్లు, వెస్లీ తన ఆత్మకు జమాఖర్చు వ్రాసెను.

ఉదయమున నాలుగు గంటలకు లేచు అలవాటు అతనికి పట్టుపడిన విధము వినదగినది. ప్రతిరాత్రి పండ్రెండు గంటలకో, ఒంటిగంటకో మెలకువ వచ్చి, కొంతసేపు నిదురపట్టకుండెడిది. దేహమునకు కావలసినదానికంటె ఎక్కువసేపు పడక మీద నుండుటయే దీనికి కారణమని ఊహించి, గంట మ్రోగు గడియారమొకటి సంపాదించెను. మొదటి ఉదయము ఏడు గంటలకు లేచెను. ఆ రాత్రియు మెలకువ వచ్చెను. రెండవనాడు ఆరింటికి లేచెను, మరల మెలకువయే. మూడవనాడు అయిదు, నాలుగవనాడు నాలుగు. అటుపిమ్మట రాత్రి మెలకువ రాలేదు. ఆ నాలుగు గంటల నియమము అరువదియేండ్లకు పైగా సాగెను. దీనిని వెస్లీ ముసలితనమున ఒక ప్రసంగములో తానే చెప్పుకొనెను. ఇందులో తపస్సు కంటె వైద్యుని పరిశీలన ఎక్కువగా నున్నదని శ్రద్ధగా చదువువారికి తోచును. తన దేహము తనకు ఒక ప్రయోగశాల.

1729లో అతని తమ్ముడు చార్లెసు, మరి కొందరు విద్యార్థులు కలిసి చదువుకొనుటకు, ప్రార్థించుటకు ఒక చిన్న కూటము నేర్పరచిరి. జాను ఆక్స్‌ఫర్డుకు తిరిగివచ్చి దానికి నాయకుడయ్యెను. బుధ, శుక్రవారములందు మధ్యాహ్నము మూడు గంటల వరకు ఉపవాసము. తరచుగా ప్రభు భోజన సంస్కారము. ప్రతిపనికి ఒక వేళ. తోటి విద్యార్థులు నవ్వి వారిని 'పరిశుద్ధుల క్లబ్బు' అనిరి. పద్ధతి ననుసరించువారు గనుక 'మెథడిస్టులు' అనిరి. ఎగతాళికి పెట్టిన పేరే స్థిరపడెను. విలియం మోర్గాను అను సభ్యుని ప్రోత్సాహమున 1730 ఆగస్టులో వారు ఆక్స్‌ఫర్డు కోట చెరసాలకు పోయి ఖైదీలను చూడనారంభించిరి. చిన్న అప్పులకై చెరపడినవారిని బాకీ తీర్చి విడిపించిరి. వెస్లీకి తన తండ్రి చెరసాల జ్ఞప్తికి వచ్చియే యుండును. 1732లో మోర్గాను మతి చలించి మరణింపగా, ఉపవాసములే అతనిని చంపినవని పుకారు పుట్టెను. అతడు ఉపవాసములను ఏడాదిన్నర ముందే మానెనని వెస్లీ ఆ యువకుని తండ్రికి దీర్ఘమైన లేఖ వ్రాసి సమాధానపరచెను. నియమము మితిమీరినచో ప్రాణాంతకమగునా యను ప్రశ్న మాత్రము ఆనాటినుండి మెథడిస్టులను వెంటాడుచునే యుండెను.

ఆ దినములలోనే జరిగిన ఒక చిన్న సంగతి ఆయన జీవితమునకు కీలకమని మాకు తోచుచున్నది. ఒక చలికాలమున, వారు చదివించుచుండిన బీదబాలిక యొకతె వెస్లీ గదికి వచ్చెను. ఒంటిమీద పలుచని నారబట్ట తప్ప వేరొకటి లేదు, వణకుచుండెను. ఏమైన నిత్తమని జేబులో చేయి పెట్టగా దాదాపు ఏమియు లేదు. ఉన్న సొమ్మంతయు అప్పుడే ఖర్చుపెట్టి, గోడలకు పటములు తగిలించుకొనియుండెను. ఆ పటములు తన్ను చూచి నిందించుచున్నట్లు అతనికి తోచెను. ఈ బిడ్డను చలినుండి కాపాడవలసిన ధనము గోడలకు అలంకారమైనదే యని కుమిలిపోయెను.

అటుతరువాత ఆక్స్‌ఫర్డు మెథడిస్టులలో ఒకనికి ఏటికి 30 పౌండ్ల రాబడి యుండగా, 28 పౌండ్లతో జీవించి రెండు పౌండ్లు బీదలకిచ్చెనట. మరుసటి యేడు రాబడి 60 పౌండ్లు కాగా మరల 28తోనే కాలము గడపి 32 ఇచ్చెను. మూడవ యేట 90 రాగా 62, నాలుగవ యేట 120 రాగా 92 ఇచ్చెను. ఈ కథను వెస్లీ మూడవవాని కథగా చెప్పెను. అది ఆయనదేయని చరిత్రకారులు సామాన్యముగా అంగీకరించుచున్నారు. రాబడి పెరిగిన కొలది ఖర్చు పెరుగుట లోకసహజము. ఖర్చును ఒకచోట మేకు కొట్టి నిలిపి, మిగిలినదంతయు పరులదని యెంచుట లోకమునకు క్రొత్త. నాలుగు గంటలకు లేచుటను గూర్చి వెస్లీని పొగడినవారు వేలమంది. ఈ ఇరువది యెనిమిది పౌండ్లను గూర్చి పలికినవారు తక్కువ. అనుసరించినవారు మరింత తక్కువ.

ఇంత నియమమున్నను ఆయనకు మనశ్శాంతి లేదు. 1735 అక్టోబరులో ఆయన అమెరికాలోని జార్జియా వలసకు మతబోధకుడై ఓడ నెక్కెను. నడిసముద్రమున 1736 జనవరిలో తుపాను చెలరేగి, పెద్ద తెరచాప చీలిపోయి, ఓడ అంతర్భాగమునకు నీరు ముంచుకొనివచ్చెను. ఆంగ్లేయులు హాహాకారములు చేసిరి. అదే ఓడలో నున్న జర్మను మొరేవియనులు తాము పాడుచున్న కీర్తనను ఆపలేదు. మీకు భయము వేయలేదా, మీ స్త్రీలు, పిల్లలు భయపడలేదా యని తరువాత అడిగి, లేదని వారు చెప్పగా విని వెస్లీ విస్మితుడయ్యెను. గంట గంటకు అంకె వేసికొనుచుండిన తనకు మరణభయము పోలేదు. అంకెలే యెరుగని ఆ పల్లెటూరివారికి పోయినది!

జార్జియాలో కథ అడ్డము తిరిగెను. చర్చి నిబంధనలను అక్షరాల అమలుపరచుటకు పోయి జనులకు దూరమయ్యెను. తాను ప్రేమించిన సోఫియా హాప్కీ అను యువతి వేరొకని పెండ్లాడిన పిదప, నిబంధన తప్పినదని ఆమెకు ప్రభు భోజనమును నిరాకరించెను. ఆమె భర్త వ్యాజ్యము వేసెను. న్యాయనిష్ఠయు, గాయపడిన హృదయమును ఆ నిర్ణయమున ఎంతెంత పాలు పంచుకొన్నవో వేరుచేసి చూపుట ఎవరితరము? 1737 డిసెంబరులో వెస్లీ ఆ వలసను విడిచి స్వదేశమునకు మరలెను. పరులను మార్చబోయిన తాను ఇంకను మారలేదని దారిలో వ్రాసికొనెను.

1738 మే 24 రాత్రి లండనులోని ఆల్డర్స్ గేటు వీథిలో, ఇష్టము లేకయే ఒక కూటమునకు పోయెను. అచ్చట ఒకరు రోమా పత్రికకు లూథరు వ్రాసిన పీఠికను చదువుచుండిరి. తొమ్మిదికి పావుగంట వేళ, తన పాపములు క్షమింపబడినవను నమ్మకము హృదయమున వెచ్చగా కలిగినదని ఆయన వ్రాసికొనెను. ఈ ఘట్టమును బోధకులు వేనోళ్ల చెప్పుదురు. మనము గమనింపవలసినది మరొకటి. ఆ రాత్రి పిదప నియమములను ఆయన విడువలేదు. మరునాడును నాలుగు గంటలకే గంట మ్రోగెను. కూలివాడు కూలికొరకు చేయు పనిని కొడుకు ఇంటికొరకు చేయును; పని యొక్కటే, మనస్సు వేరు. సేవకుని విశ్వాసము, కుమారుని విశ్వాసము అను ఈ భేదమును వెస్లీయే తరువాతి కాలమున చేసి చూపెను. అంతవరకు దేవుని యొద్దకు ఎక్కు నిచ్చెనగా నున్న నియమము, అటుపై కృతజ్ఞతగా మారెను.

1739 ఏప్రిలు 2న బ్రిస్టలు నగరము వెలుపల బయలుప్రదేశమున ఆయన మొదటిసారిగా ప్రసంగించెను. చర్చిగోడలకు వెలుపల బోధించుట మర్యాద కాదని అంతవరకు తలచిన మనిషి. కింగ్స్‌వుడ్డు బొగ్గుగనుల పనివారు, నేతగాండ్రు, ఇంటి పనికత్తెలు వేలకొలది మూగిరి. కూడిక కొరకు 'న్యూ రూము' అను కట్టడము లేచినది. దానితోపాటు అప్పును లేచినది. ఈ అప్పు నుండియే మెథడిస్టుల ముఖ్యసంస్థ పుట్టుట చరిత్రలోని వింత.

1742 ఫిబ్రవరి 15న ఆ అప్పు తీర్చు మార్గము నాలోచించుటకు బ్రిస్టలులో పెద్దలు సమావేశమైరి. ఫోయి అను ఓడ కెప్టెను లేచి, సభ్యులందరు వారమునకు ఒక పెన్నీ చొప్పున ఇత్తురుగాక యనెను. పౌండునకు ఇన్నూట నలుబది పెన్నీలు. అదియు ఇచ్చుకొనలేని బీదలున్నారని వేరొకరు అడ్డుచెప్పిరి. అట్లయినచో వారిలో పరమదరిద్రులైన పదునొకండుగురిని నాకు అప్పగింపుడు, వారము వారము వారి ఇండ్లకు పోయెదను, వారు ఇయ్యలేనిది నేనే వేసెదనని కెప్టెను బదులు పలికెను. తక్కిన పెద్దలును అట్లే చేయ సమ్మతించిరి. కొలది దినములకు ఆ పెద్దలు వెస్లీకి వేరు సమాచారములు తెచ్చిరి. పెన్నీకై పోయిన ఇంట ఒకడు త్రాగి పడియున్నాడు. వేరొక ఇంట భార్యాభర్తలు జగడమాడుచున్నారు. విన్నంతనే వెస్లీకి మెరుపు మెరసినట్లయ్యెను. ఎంతో కాలముగా తాను వెదకుచున్నది ఇదియేయని గ్రహించెను.

ఆ విధముగా 'క్లాసు' ఏర్పడెను. పండ్రెండుగురు ఇరుగుపొరుగువారు, వారికొక నాయకుడు, పెక్కుచోట్ల నాయకురాలు. ఇల్లిల్లు తిరుగుట కష్టమగుటచే వారమున కొకసారి ఒకచోట కూడిరి. నాయకుడు ఒక్కొక్కరిని ఆత్మక్షేమమడిగి, అవసరమైనచో మందలించి, ఓదార్చి, బీదల కొరకు వారిచ్చిన కాసు స్వీకరింపవలెను. ఆక్స్‌ఫర్డులో తన గదిలో తలుపు మూసికొని రహస్యలిపిలో ఒంటరిగా చేసికొన్న ఆత్మపరీక్షను, వెస్లీ ఇప్పుడు చదువురాని నేతగానికి, అతని పొరుగువాని నోట అందించెను. శీలము ఒంటరిగా ఏర్పడునది కాదని ఆయన ముప్పది తొమ్మిదవ యేట గాని తెలిసికొనలేదు. తెలిసికొన్న పిదప మరువలేదు. మూడు నెలలకొకమారు వెస్లీయో, ఆయన సహాయకులో క్లాసులను పరీక్షించి, నడవడి సరిగా నున్నవారికి చీటీలిచ్చెడివారు. చీటీ లేనివానికి కూటమున ప్రవేశము లేదు.

1743లో అచ్చయిన నియమావళి మూడే మాటలమీద నడచును: కీడు చేయకుండుట, మేలు చేయుట, దేవుని ఆరాధనక్రమములను విడువకుండుట. కాని అందలి వివరములు చూచినచో ఆ కాలపు అంగడివీథి మన కన్నులకు కట్టును. సుంకము చెల్లింపని దొంగసరుకును కొనరాదు, అమ్మరాదు. బేరమున మాటలు పెంచరాదు. తీర్చగలమను ఆశ లేక అప్పు చేయరాదు. 1753లో కార్న్‌వాల్ తీరపు సెంట్ ఐవ్సు పట్టణమున తన సభ్యులే దాదాపు అందరును దొంగసరుకు బేరమున చేయి కలిపినవారని తెలిసి, అది మానితీరవలెను, లేనిచో మరల నా ముఖము చూడరని వెస్లీ ఖండితముగా చెప్పెను.

1743 మార్చిలో న్యూకాజిలు సంఘమును పరీక్షించి తొలగించిన 64 మంది పట్టిక ఆయన జర్నలులో నున్నది. త్రాగుడుకై 17 మంది, ఒట్లు, దూషణలకు ఇద్దరు, ఆదివారమును పాటింపనందుకు ఇద్దరు, సారా అమ్మినందుకు ఇద్దరు, జగడములకు ముగ్గురు, అబద్ధములకు ముగ్గురు, చాడీలకు నలుగురు, సోమరితనమునకు ఒకడు, భార్యను కొట్టినందుకు ఒకడు. ఆ ఒక్కడును నిజముగా ఒక్కడేనాయని మనకు సందేహము కలుగక మానదు. మిగిలిన 29 మందిని తొలగించినది ఏ ఘోరపాపమునకు కాదు. చులకనతనము, అశ్రద్ధ అను కారణముచేత! త్రాగుబోతులకంటె అశ్రద్ధాళువుల సంఖ్యయే పెద్దది.

ఇక మన దేశపు మాట. వెస్లియను మిషను వారు పందొమ్మిదవ శతాబ్దపు ఎనిమిదవ దశాబ్దాంతమున హైదరాబాదు, సికింద్రాబాదులకు వచ్చి, అచ్చటినుండి మెదకు ప్రాంతపు పల్లెలకు వ్యాపించిరి. వారిలో చార్లెసు వాకర్ పాస్నెట్టు పేరు మెదకు ప్రజలు నేటికిని తలతురు. ఆయన కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని గోపురము 175 అడుగుల యెత్తు. క్షామకాలమున ఆకలిగొన్నవారికి పని కల్పించి, ఆ కూలితో అన్నము పెట్టుచు దానిని కట్టించిరని ఆ ప్రాంతమున చెప్పుకొందురు. ఉచితముగా పెట్టుట కంటె పని యిచ్చి పెట్టుట మేలని తలచుటలో వెస్లీ పోకడ కనబడుచున్నది. 1947లో ఆ సంఘములు దక్షిణ ఇండియా సంఘమున ఐక్యమయ్యెను. తెలుగునాట పలు క్రైస్తవ కుటుంబములలో ఇల్లాలు వంటకు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు వేరుగా తీసి కుండలో వేసి, కూడినదానిని చర్చికి అర్పించు ఆచారమున్నది. అది వెస్లీ నేర్పినదని మేము చెప్పుట లేదు. అయినను బ్రిస్టలు నేతగాని పెన్నీకిని, మన పల్లెటూరి తల్లి పిడికెడు బియ్యమునకును దగ్గరి చుట్టరికము కలదు. రెండును లేమిలోనుండి తీసినవి, మరువకుండ తీసినవి.

వెస్లీ శీలమున మచ్చలు లేవని చెప్పుట చరిత్రకు ద్రోహము. 1751లో మేరీ వాజీలు అను వితంతువును వివాహమాడి, పెండ్లి అయినందున ఒక్క ప్రసంగమైనను, ఒక్కనాటి ప్రయాణమైనను తగ్గరాదని నిశ్చయించుకొనెను. అట్లే తగ్గలేదు, సంసారము మాత్రము చెడిపోయెను. ఆమెయు కోపిష్ఠి, అనుమానము గలది యందురు. కాని ఏడాది పొడవున గుఱ్ఱము దిగని భర్తతో కాపురము చేయుట యెట్లో ఆ గంటల పుస్తకమున ఎచ్చటను లేదు. 1748లో ఆయన తెరచిన కింగ్స్‌వుడ్డు పాఠశాలలో పిల్లలు నాలుగు గంటలకు లేవవలెను; సెలవులు లేవు; ఆటలు బొత్తిగా లేవు. ఆ బడి తాను కోరినట్లు నడచుట లేదని ఆయన పలుమార్లు వాపోయెను. తాను స్వేచ్ఛగా ఎన్నుకొన్న నియమమును పిల్లలపై నిర్బంధముగా మోపినచో అది నియమము కాదు. సుసన్నా బిడ్డకు గురువారము గుర్తున్నది గాని, ఆ గురువారమే తన బడిలో లోపించినదని ఏల తోచలేదో!

తన దేహము విషయమున మాత్రము ఆయన పరీక్షలు మానలేదు. టీ త్రాగినపుడు చేతులు వణకుచున్నవని గమనించి 1746లో దానిని విడిచెను. మొదటి మూడు దినములు తలనొప్పి బాధించినను లెక్కచేయలేదు. ఆ మిగిలిన సొమ్ము బీదలదని సంఘమువారికిని బోధించెను. పండ్రెండేండ్ల పిదప వైద్యుని సలహాపై మరల త్రాగ మొదలిడెను. ఆరోగ్యమునకు హాని యైన నియమమును పట్టుకొని వ్రేలాడు మొండితనము అప్పటికి తగ్గినది.

అన్నిటికంటె కఠినమైన చిక్కు ధనము వలన వచ్చెను. ధనవినియోగమును గూర్చి 1760లో అచ్చయిన ఆయన ప్రసంగమున మూడు సూత్రములున్నవి. నీ ఆరోగ్యమునకు, పొరుగువాని మేలునకు హాని లేని విధమున ఆర్జించుట మొదటిది. వ్యర్థవ్యయము లేక మిగుల్చుట రెండవది. మిగిలినదానిని దానము చేయుట మూడవది. సంఘమువారు మొదటి రెండును చక్కగా నేర్చిరి. త్రాగుడు మానినవాడు, వేకువజామున లేచినవాడు, అబద్ధమాడని వర్తకుడు ధనవంతుడు గాక ఏమగును? నలుబది యేండ్ల క్రితము పెన్నీ ఇయ్యలేని ఇండ్లలో వెండి వచ్చెను, పట్టుబట్టలు వచ్చెను. 1786లో తన ఉద్యమమును గూర్చి వ్రాయుచు వెస్లీ ఈ చక్రమును నిష్కర్షగా వర్ణించెను. భక్తి శ్రమశీలమును, పొదుపును పుట్టించును. అవి సంపదను పుట్టించును. సంపద పెరిగిన కొలది గర్వమును లోకాశయు పెరిగి భక్తియే క్షీణించును. ఇక నిజమైన మతము ఏ విధమున నిలుచును? తన అనుచరులు పట్టని మూడవ సూత్రము తప్ప దీనికి వేరు మందు లేదని తేల్చెను. 1789 జూలైలో డబ్లినులో మరింత వేదనతో, క్రైస్తవధర్మము తన వేరును తానే కొట్టుకొను స్వభావము గలదా యని సందేహించెను. జర్మను పండితుడు మాక్సు వేబరు తన సుప్రసిద్ధ వ్యాసమును సవరించి మరల ప్రచురించినపుడు, ప్రొటెస్టంటు నీతికి, పెట్టుబడిదారీ విధానమునకు గల సంబంధమును వివరించుచు, వెస్లీ వ్రాసిన ఈ మాటలనే సాక్ష్యముగా గ్రహించెను. గంటల నియమమును సంఘము వారసత్వముగా తీసికొన్నది. ఇరువది యెనిమిది పౌండ్ల నియమమును వారసులు ముట్టలేదు.

వెస్లీ మాత్రము ముట్టని దినము లేదు. ఆయన గ్రంథములు విశేషముగా అమ్ముడుపోయి ధనము పుష్కలముగా వచ్చెను. 1776లో ప్రభుత్వ సుంకాధికారులు, మీ ఇంట నున్న వెండి పాత్రల లెక్క ఇంకను పంపలేదేమని జాబు వ్రాసిరి. ఇంతటి పేరు గలవానికి వెండి యుండకుండునా యని వారి అనుమానము. లండనులో రెండు వెండి చెంచాలు, బ్రిస్టలులో రెండు ఉన్నవని, చుట్టును ఇందరు అన్నము లేకయుండగా ఇక కొనబోననియు ఆయన బదులు వ్రాసెను.

1790 జూలైలో, ఎనుబది యేడవ యేట, వణకు చేతితో తన జమాఖర్చుల పుస్తకమున చివరి మాటలు వ్రాసెను. ఇంతకాలము లెక్క తప్పక వ్రాసితిని, ఇక వ్రాయను. చేతనైనంత మిగుల్చుచున్నాను, చేతనైనంత ఇచ్చుచున్నాను, అది చాలునని దాని భావము. ఆ అక్షరములు చదువుటకు వీలు లేనంతగా వంకరలు పోయినవి. 1791 ఫిబ్రవరి 24న బానిస వ్యాపారమును ఎదిర్చుచున్న విల్బర్‌ఫోర్సునకు ధైర్యము చెప్పుచు లేఖ వ్రాసి, మార్చి 2న కన్నుమూసెను. అప్పటికి బ్రిటను ద్వీపములలో ఆయన సంఘసభ్యులు డెబ్బది వేలకు మించియుండిరి. శవవాహనము వలదు, బండ్లు వలదు, ఆడంబరము వలదని వీలునామాలో వ్రాసియుండెను. తన దేహమును మోయుటకు ఆరుగురు బీదలను ఎన్నుకొని, వారికి ఆరు పౌండ్లు పంచి యిండనెను. మార్చి 9న, జనసమ్మర్దమునకు వెరచి, ఇంకను తెల్లవారకముందే లండనులోని సిటీ రోడ్డు ప్రార్థనామందిరపు వెనుకభాగమున లాంతరుల వెలుతురున ఆయనను పాతిపెట్టిరి.